మన మాట – మన రేడియో



రేడియో మనకు కొత్త కాదు. ఢిల్లీ మాట, హైదరాబాదు మాట అందులో వింటాం. మరి మన మాట ఎవరు వింటారు? పక్క ఊరికైనా చేరుతుందా?

జహీరాబాదు దగ్గర మాచనూరు అనే పల్లె ఉంది. అప్పట్లో అది మెదక్ జిల్లా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పేద దళిత మహిళలు సంఘాలు పెట్టుకున్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారికి తోడు నిలిచింది. జొన్నలు, కొర్రలు, సామలు పండించటం వాళ్లకు తెలుసు. విత్తనం దాచటం తెలుసు. పండుగ పాటలు తెలుసు. చాలామందికి చదువు రాదు. అయినా చెప్పాల్సిన సంగతులు ఎన్నో ఉన్నాయి. అందుకే తమకూ ఒక రేడియో కావాలనుకున్నారు.

1990ల చివర్లో పని మొదలుపెట్టారు. కానీ గాలిలోకి మాట వదలాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అది దొరకలేదు. మరి వాళ్లు ఊరుకున్నారా? ఊరుకోలేదు. మాటలూ పాటలూ టేపుల మీద ఎక్కించారు. ఆ క్యాసెట్లను సంఘాల్లో వినిపించారు. అలా ఏళ్ల తరబడి నడిపారు.

రేడియో అలలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో పెట్టుకోవచ్చని 2006లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. దాని నంబరు 90.4 ఎఫ్.ఎం. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ దాన్ని నడిపించారు. ఇద్దరూ పల్లె ఆడవాళ్లే. ఇలాంటి దాన్నే కమ్యూనిటీ రేడియో అంటారు.

ఈ రేడియోకు బలం తక్కువ. కొద్ది మైళ్ల దాకానే వినిపిస్తుంది. ఆ ఊరి పిల్ల హైదరాబాదులో కూలికి పోయింది అనుకోండి. లేదా దుబాయిలో పనికి కుదిరింది అనుకోండి. ఆమెకు ఆ అల అందదు. అందుకే కొన్ని కమ్యూనిటీ రేడియోలు తమ మాటను ఇంటర్నెట్‌లో కూడా వదులుతున్నాయి. దీన్ని 'లైవ్' అంటారు. అక్కడ మాట్లాడుతుండగానే ఇక్కడ ఫోనులో వినవచ్చు. కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది, అంతే.

రెండింటికీ తేడా ఏమిటి? ఎఫ్.ఎం. ఊళ్లో చాటింపు లాంటిది. డప్పు ఒక్కసారి కొడితే దగ్గరున్న వాళ్లందరూ వింటారు. ఖర్చు లేదు. ఇంటర్నెట్ ఇంటింటికీ పాలు పోయటం లాంటిది. ఎవరి చెంబు వారిది, ఎవరి లెక్క వారిది. ఆ లెక్కనే 'డేటా' అంటారు.

ఎంత డేటా పోతుంది? మామూలు నాణ్యతతో ఒక గంట వింటే సుమారు 29 ఎంబీ. ఒక జీబీ అంటే దాదాపు 1000 ఎంబీ. అంటే 30 గంటలకు పైగా వినవచ్చు. సినిమా చూస్తే ఇంతకంటే ఎన్నో రెట్లు పోతుంది.

ఇక్కడ ఒక ఉపాయం ఉంది. పదిమంది పది ఫోన్లలో వింటే పది ఖర్చులు. ఒక ఫోను మధ్యలో పెట్టుకుని పదిమందీ వింటే ఒక్క ఖర్చే. విన్నాక దాని గురించి నలుగురూ మాట్లాడుకోవచ్చు కూడా. రేడియో దగ్గర్లోనే ఉంటే డేటా అసలే అక్కర్లేదు. కొన్ని ఫోన్లలో ఎఫ్.ఎం. ఉంటుంది. వైరున్న ఇయర్‌ఫోన్ పెడితే చాలు, పలుకుతుంది.

ఒక జాగ్రత్త. రేడియో వినటానికి బ్యాంకు నంబరు అవసరం లేదు. ఓటీపీ అవసరం లేదు. ఎవరైనా అడిగితే చెప్పకండి. వెంటనే ఆపేయండి. రేడియో పేరు అక్షరం అక్షరం చదివి, అదేనని తేల్చుకున్నాకే నొక్కండి. మీరు నేర్చిన చదువు ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇక అసలు సంగతి. చాలా ఇళ్లల్లో ఫోను ఒక్కటే ఉంటుంది. అది మగవాళ్ల జేబులో ఉంటుంది. ఆడవాళ్లు మాట్లాడే రేడియో ఉన్నా, ఆడవాళ్ల చేతికి ఫోను రాకపోతే ఏం లాభం? రోజుకు ఒక గంట ఫోను మాకు కావాలని ఇంట్లో అడగండి. అడగటం తప్పు కాదు.

వినటంతోనే ఆగకండి. మీకు తెలిసిన పంట సంగతి, వంట సంగతి, పాట, కష్టం – ఏదైనా చెప్పొచ్చు. కమ్యూనిటీ రేడియోలో సగం కార్యక్రమాలైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలని నియమం ఉంది.

మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?
2. మీ ఊరికి రేడియో వస్తే మొదట ఏ సంగతి చెబుతారు?
3. ఆ సంగతిని నాలుగు వాక్యాల్లో రాయండి. సంఘంలో పైకి చదవండి.