చార్మినార్ చౌరాస్తా, మన మసీదు వీధి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, ఏదైనా పనికివచ్చే విషయం మాట్లాడమన్నారు. చదువుల గురించీ, జకాత్ నిధి గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను రోడ్డు గురించి మాట్లాడతాను. నవ్వకండి. దారికి అడ్డుగా ఉన్నదాన్ని తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని ప్రవక్త (స) సెలవిచ్చిన సంగతి మనకు తెలుసు. దారి పక్కన కూర్చునేవాళ్లు దారికి ఇవ్వవలసిన హక్కు ఇవ్వాలని కూడా హదీసులో ఉంది. దారికి హక్కేమిటని అడిగితే, ముందు చెప్పుకోవలసింది ఎవరికీ బాధ కలిగించకపోవడం.

మనలో హైదరాబాదు వెళ్లి చార్మినార్ చూడనివారు తక్కువ. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడం అసలే ఒక చౌరాస్తా. నాలుగు దిక్కులకూ నాలుగు కమానులు, ఒక్కొక్కటి దాదాపు 11 మీటర్ల వెడల్పు. కొద్ది దూరంలో గుల్జార్ హౌజ్, దాని చుట్టూ చార్ కమాన్. అంటే నడిచివచ్చే మనిషికి నీడా నీళ్లూ మొదటి ప్లానులోనే ఉన్నాయన్నమాట. తరువాత మోటారు వచ్చింది. బస్సులూ, ఆటోలూ, స్కూటర్లూ గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు చార్మినార్ చుట్టూ తిరిగాయి. పొగకు గచ్చు నల్లబడింది. గాజులకని లాడ్ బజారుకు పోయే ఆడవాళ్లు పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని పరుగెత్తవలసి వచ్చేది.

వాహనాలను చుట్టుదారులకు మళ్లించి, మధ్య జాగా నడిచేవాళ్లకు వదలాలన్న ఆలోచన 1990లలో పుట్టింది. గ్రానైటు రాళ్లు పరిచి బండ్లు ఆపేసరికి 2017-18 వచ్చింది. ఇంత ఆలస్యం ఎందుకంటారా? రాళ్లు పరచడం పెద్ద పని కాదు. మళ్లించిన బండ్లు పోవడానికి వేరే రోడ్లు వెడల్పు చేయాలి, అందుకు ఎవరివో ఇళ్లూ దుకాణాలూ పోవాలి. కష్టం అక్కడుంది.

ఇంకొక కష్టం తోపుడు బండ్లది. వాళ్లను గెంటేస్తే చౌక్ శుభ్రంగా కనబడుతుందని కొందరంటారు. నేనొప్పుకోను. 2014లో వచ్చిన వీధి వర్తకుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. పట్టణ వర్తక కమిటీలో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా ఆ వర్తకులే ఉండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు కావాలి. మన సభ్యుల్లో పండ్ల బండ్లవాళ్లున్నారు కనుక ఈ మాట ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

విదేశాల్లో ఇంకొక దారి పట్టారు. హాలెండులో డ్రాఖ్టెన్ అనే ఊళ్లో హాన్స్ మోండర్‌మన్ అనే ఇంజనీరు 2000 తరువాత ఒక పెద్ద కూడలిలో సిగ్నళ్లు తీయించాడు. ఎవరి వంతు ఎప్పుడో దీపం చెప్పదు కనుక డ్రైవరు వేగం తగ్గించి ఎదుటి మనిషి ముఖం చూస్తాడని ఆయన నమ్మకం. సైకిళ్లవారూ నడిచేవారూ అక్కడే కలిసిపోతారు. వినడానికి బాగుంది. కానీ చూపు లేనివాడు ఎవరి ముఖం చూస్తాడు? ఇంగ్లండులో ఫుట్‌పాత్ అంచు తీసేసి రోడ్డూ నడకదారీ ఒకే మట్టం చేసినచోట్ల అంధులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చేతికర్రకు తగిలే ఆ అంచే వారికి గోడ. 2018లో అక్కడి ప్రభుత్వం అటువంటి కొత్త పనులు ఆపమని చెప్పవలసి వచ్చింది.

ఇది నాకు తగలడానికి కారణముంది. మా ఖాలాకు రెండు కళ్లలోనూ శుక్లాలు. మన మసీదు ముందున్న కూడలి దాటడానికి ఆమెను నడిపించుకుంటూ గడియారం చూశాను. రోడ్డు 12 మీటర్లుంటే, సెకనుకు 1.2 మీటర్లు నడిచే ఆరోగ్యవంతుడికి పది సెకన్లు చాలు. ఆమెలాంటివారు 0.8 మీటర్లే నడుస్తారు, పదిహేను కావాలి. ఆ అయిదు సెకన్లలోనే బస్సు హారను కొడుతుంది.

మధ్యలో ఒక దిబ్బ కడితే ఆరేసి మీటర్లుగా రెండు విడతల్లో దాటవచ్చు. ఫుట్‌పాత్ 1.8 మీటర్లయినా ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాల్లో ఉంది. మన వీధిలో అంత ఉంది, నేను కొలిచాను. ఖాళీగా మాత్రం లేదు. అడ్డుగా రాతి గుంజలు పాతితే సరిపోతుందా అంటే, చక్రాల కుర్చీ పట్టే సందులో స్కూటరూ పడుతుంది.

ఇక చేదు మాట. శుక్రవారం ఆ ఫుట్‌పాత్ నింపేది మున్సిపాలిటీ కాదు, మనమే. జుమాకు వచ్చి ఎక్కడ దొరికితే అక్కడ స్కూటరు నిలిపి, చెప్పులు విప్పి లోపలికి పోతాం. నేనూ నిలిపాను. ఖాలా రోడ్డు మధ్యలోకి దిగి నడిచింది మన బండ్ల వరసను తప్పించుకోవడానికే. సైకిలు మీద ట్యూషనుకు పోయే మన పిల్లలు కూడా ఆ గంటలో బస్సు చక్రాల పక్కనే పోతున్నారు.

మదరసా వెనుక ఖాళీ జాగా ఉంది. ముతవల్లీగారు ఒప్పుకున్నారు. గేటు తాళంచెవి నా దగ్గరుంది, వచ్చే శుక్రవారం పన్నెండు గంటలకు తీస్తాను. కుర్రవాళ్లు నలుగురు సాయం వస్తే బండ్లు వరసగా పెట్టించవచ్చు. పేర్లు ఇవ్వదలచినవారు సభ అయ్యాక నన్ను కలవండి. మధ్య దిబ్బ కోసం మున్సిపల్ కమిషనరుగారికి రాసిన అర్జీ ఆ బల్ల మీద ఉంది, సంతకాలకు ఆడవాళ్ల వైపు కూడా పంపండి. రోడ్డు దాటే బాధ వారికే ఎక్కువ తెలుసు.

సెలవు. ఖుదా హాఫిజ్.