అసలు రాయే, కానీ ఏ రాయి?



కెంపుల నెక్లెసు చేతిలోకి తీసుకుని, "రాళ్ళు మంచివేనా?" అని అడుగుతాం. "అసలు రాళ్ళేనమ్మా" అంటాడు షాపాయన. అంతటితో మనకు నిశ్చింత. కానీ చూశారూ, మన భాషలో రోలూ రాయే, రవ్వా రాయే! వేలకు వేలు పోసేముందు ఈ తేడాలు కాస్త తెలుసుకోవడం మంచిది.

ముందు వంటింట్లోకి రండి. గ్రానైటు రోలును దగ్గరగా చూస్తే అదంతా ఒకటే పదార్థం కాదని తెలుస్తుంది. గాజులా కనిపించే పలుకులు పలుగురాయి. తెల్లగానో లేత గులాబీగానో ఉండేవి ఫెల్డ్‌స్పార్. మధ్యమధ్య తళుక్కుమనేది అభ్రకం. ఇవి ఒక్కొక్కటీ ఒక ఖనిజం. అన్నీ కలిసి గట్టిపడితే శిల. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు కలిస్తే పోపు అయినట్టన్నమాట.

మరి స్ఫటికమంటే? కల్లుప్పును భూతద్దంలో చూడండి. కొన్ని పలుకులైనా చిన్న పాచికల్లా ఉంటాయి. లోపల అణువులు వరసలు కట్టి అమరడం వల్ల ఆ రూపం వస్తుంది. ఉప్పు ఖనిజం కూడాను; గనుల్లో దొరికే సైంధవ లవణం అదే పదార్థం. పటికబెల్లం స్ఫటికమే గాని ఖనిజం కాదు, చెరకురసం నుంచి వచ్చింది కదా! ఇక మనం ముచ్చటపడి కొనే 'క్రిస్టల్' గ్లాసులున్నాయే, అవి ఒట్టి గాజు. గాజులో ఆ వరసల అమరిక ఉండదు. పేరు మాత్రం గొప్ప!

రత్నమన్న బిరుదు మటుకు మనుషులు ఇచ్చిందే. అందం, గట్టిదనం, అరుదుగా దొరకడం చూసి ఇచ్చారు. కెంపూ, నీలమూ ఒకే ఖనిజం, కురువిందం. అందులో రవంత క్రోమియం చేరితే కెంపు. ఇనుము, టైటానియం చేరితే నీలం. కత్తులకు సానపట్టే ఎమెరీలోనూ ఆ కురువిందమే ఉంది, దానికేమో ఏ నెక్లెసులోనూ చోటు లేదు! బ్రిటిషు రాజకిరీటంలో 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' అని పేరుపడ్డ ఎర్రరాయి కెంపే కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. కంటికి కనబడే రంగు అంతగా మోసం చేస్తుంది.

ఇంకో చిక్కుంది. ఫ్రాన్సులో వెర్నాయ్ అనే శాస్త్రవేత్త కొలిమిలో కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. అదీ కురువిందమే, గట్టిదనమూ అంతే. కనుక గాజు మీద గీసి చూస్తే తేలదు. "అసలు కెంపే" అంటే మాట అబద్ధం కాకపోవచ్చు, ధరలో మాత్రం ఎంతో తేడా. అందుకని "గనిలో దొరికిందా, తయారుచేసిందా? రంగుకోసం వేడిచేశారా? పగుళ్ళలో గాజు నింపారా?" అని విడివిడిగా అడగండి. జవాబు బిల్లు మీద రాయించుకోండి. పెద్ద ఖరీదైతే రత్నపరీక్షశాల సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడకండి.

ముత్యం, పగడం గనిలోవి కావు, నీటిలో బతికే జీవులు కట్టినవి. రెంటిలోనూ ఉన్నది ముఖ్యంగా సున్నపు పదార్థమే. చింతపండు, నిమ్మరసం తగిలితే పైమెరుగు పోతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మెత్తటి సంచిలో విడిగా పెట్టండి. వజ్రాలు, కెంపుల నగలతో కలిపి పెడితే గీతలు పడతాయి.