నూరవ చింతగింజ

1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ నగరమున రాబర్ట్ రెయిక్స్ నెలకొల్పిన ఆదివారపు బడి, వారమంతయు పనిచేయు పేదపిల్లలకు చదువు నేర్పెను. నేడు ఆ పని నిత్యపు బడులు చేయుచున్నవి. మన సండేస్కూళ్లలో మాత్రము వాక్యము కంఠస్థము చేయించుటతోనే పాఠము తరచుగా ముగియుచున్నది. నోటికి వచ్చినదెల్ల మనస్సునకు పట్టినదని చెప్పలేము.

శ్రోతలారా, లూకా సువార్త 15వ అధ్యాయములోని తప్పిపోయిన గొఱ్ఱె కథను తీసికొనుడు. కథకు ముందే నూరు చింతగింజలలో ఒకటి గదిలో దాచి, తక్కినవి పిల్లలచే పదేసి చొప్పున కుప్పలు పెట్టింపుడు. చివరి కుప్పలో తొమ్మిదే తేలును. ‘ఒక్కటి పోయిన నేమి?’ అని అడుగుడు. కొందరు పోనిమ్మందురు; కొందరు అప్పటికే చాపలెత్తి వెదకుచుందురు. గింజ దొరికి, పిల్లలు సంతోషముతో కేకలు వేసిన పిమ్మట కథ చెప్పుడు. తొంబదితొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరి మనస్సు వారికప్పుడు తెలియును.

గింజలు నోటను, ముక్కునను పెట్టుకొనకుండ కనిపెట్టి యుండుడు. కాని దాచినదానిని మీరే తీసి యీయకుడు. ఆలస్యమైనను పిల్లల చేతికే చిక్కనిండు. వాక్యము అప్పజెప్పలేక ప్రతివారము వెనుక కూర్చుండు పిల్లవాడే దానిని ముందుగా కనుగొనవచ్చును. ఆ దినమున అతడును లెక్కలోనికి వచ్చును.