కూలి ఎడిటింగ్‌తో ఆగవద్దు

విరించిపురం, గుడియాత్తం, వేలూరు నేత బంధువులారా!

మన పిల్లలు కొందరు వీడియో పాడ్‌కాస్టులు ఎడిట్ చేస్తున్నారు. సంతోషం. అయితే ఒక మాట. కూలి నేతలో గుడ్డ ధర మన చేతిలో లేదు. ఎడిటింగులోనూ దగ్గులు, ఖాళీలు కోసి ఇస్తే కూలే మిగులుతుంది.

క్లయింటు లుంగీల వ్యాపారి అనుకోండి. గంట మాటల్లో కొనేవాళ్లకు పనికొచ్చేది ఏరి, 3 నిమిషాల్లోపు యూట్యూబ్ షార్టులు చేసివ్వండి. పెద్ద వీడియో కింద 0:00 మొదలుకొని టైములు వేయండి, చూసేవాళ్లు కావలసిన చోటికే పోతారు. పెద్దల ఇంటి తెలుగు తీసేయకండి, కింద తమిళంలో అర్థం వేయండి. మగ్గం చప్పుడూ కొంచెం ఉండనీయండి, చేనేత అని నమ్మకం కుదిరేది దానితోనే.

పడుగు క్లయింటుది, పేక మనది. సరుకు కదిలితే ఆయన మళ్లీ మన గడపకే వస్తాడు. అప్పుడు ధర మనమే చెప్పవచ్చు.