బిగుతు దుస్తులు కుట్టించుట

మా శ్రీకూర్మమున తెల్లవారకమునుపే పరుగు సాధన మొదలగును. సైన్యమునకో, పోలీసు కొలువునకో ఎంపిక కాగోరు యువకులు జట్లు జట్లుగా పరుగెత్తుచుందురు. వారిలో పలువురు తొడలను, పిక్కలను గట్టిగా పట్టియుండు బిగుతు లాగులు, అనగా కంప్రెషన్ దుస్తులు, అడుగుచుండుటచే, వానిని మేమే కుట్టించి అమ్మరాదా యను తలంపు మాలో కొందరికి కలిగినది. ఆ ప్రయత్నమున మేము నేర్చుకొన్నది శ్రోతలకు మనవి చేయుదుము.

మా జిల్లావారికి బట్ట మంచి చెడ్డలు క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, సన్నని నూలు వడికి నేసిన పొందూరు ఖద్దరును తాకి చూచినంతనే దాని నాణ్యము తెలుపగల పెద్దలు మాలో కలరు. అయినను ఆ చేతి నేర్పు ఇచ్చట చాలదు. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షివర్స్ రూపొందించిన స్పాండెక్స్ దారము తన పొడవునకు అయిదు రెట్లు సాగి, మరల మునుపటి స్థితికి వచ్చును. దానిని నైలానుతోనో పాలియెస్టరుతోనో కలిపి అల్లిన బట్టయే ఈ లాగులకు పనికివచ్చును. సాగుట ప్రతి అల్లిక బట్టకును కొంత కలదు; ఉతికిన పిదపకూడ తిరిగి వచ్చుటయే అరుదు.

తయారీదారులకు కొదువ లేదు. తిరుప్పూరు ఉన్నది; మనకు చేరువనే అచ్యుతాపురమున విదేశములకు దుస్తులు పంపు పెద్ద కర్మాగారములు ఉన్నవి. కాని వేల సంఖ్యలో కుట్టించువారికే అట్టి చోట్ల ఆదరము. మావంటి చిన్నవారు చిన్నవారినే వెదకుకొనవలెను. మొదట ఒకరు మిక్కిలి చౌకగా ఇత్తుమనిరి. వారు పంపిన నమూనా చూడ ముచ్చటగా ఉండెను. సరకు వచ్చిన తరువాత చూడగా, మధ్యరకము సైజు చిన్న సైజువలె ఉన్నది! కారణము విచారింపగా తెలిసినదేమన, తాను విప్పి పరచి, బట్టను ఒక దినమైన ఊరక ఉంచి కత్తిరింపవలెనట. చుట్టునప్పుడు లాగబడిన బట్ట అప్పుడే తన అసలు కొలతకు వచ్చును. తొందరలో తాను విప్పినవెంటనే కత్తిరించినచో, ఆ ముడుచుకొనుట కుట్టిన తరువాత జరుగును. కూలి డబ్బులు కూడబెట్టి ముందుగా చెల్లించిన పిల్లలకు ఆ సొమ్ము తిరిగి ఇచ్చుటకు మా మూలధనములో సగము వ్యయమైనది. వారి మొగములు చూచుట అంతకన్న కష్టమైనది.

పిదప మేము ప్రతి నమూనా నుండి ఒక పట్టీ కత్తిరించి, దానిపై 10 సెంటీమీటర్ల ఎడముతో రెండు గీతలు గీసితిమి. 15 వచ్చునంతవరకు లాగి, ఒక గంట మేకులకు బిగించి, విడిచి కొలిచితిమి. ఇరువది మారులు ఉతికి మరల అట్లే చేసితిమి. ఒకదానిపై గీతలు దాదాపు యథాస్థానమునకు వచ్చినవి. మరియొకదానిపై దూరముగనే నిలిచిపోయినవి. ఇది మీ ఇంటనే చేసికొనదగిన పరీక్ష.

అయినను మేము తుదకు ఎంచుకొన్న వానిని బట్టను చూచి మాత్రమే ఎంచుకొనలేదు. ధర చెప్పుటకు ముందే ఆయన, "మీ పిల్లల తొడ కొలత ఎంత?" అని అడిగెను. మాకు తెలియదు! ముప్పదిమంది పరుగుగాండ్రను నిలువబెట్టి టేపుతో కొలిచితిమి. అంగడిపట్టికలోని నడుము కొలతకు సరిపోవు తొడ కొలత మా వారిలో చాలమందికి సరిపోలేదు. ఒరిపిడి కలుగకుండ చదునైన ఫ్లాట్‌లాక్ కుట్టు వేయుటకును, ఉభయుల సంతకములతో ఒక నమూనాను ముద్రవేసి ఉంచుటకును, సరకు దానితో సరిపోలనిచో తిరిగి తీసికొనుటకును ఆయన ఒప్పుకొనెను. తేదీ విషయమున మాత్రము తొందరపడి మాట ఇయ్యలేదు. అదియు మాకు నచ్చినది.

"వేగము పెరుగును" అని అట్టపెట్టెపై వ్రాయుమని ఒక వర్తకుడు సలహా చెప్పెను. పరుగు పిదప కండరముల నొప్పి కొంత తగ్గవచ్చునని పరిశోధనలు చెప్పుచున్నవి కాని, వేగము పెరుగునని గట్టి ఆధారము లేదు. మా జిల్లాలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము తెచ్చినది. అందులో బట్ట ఎత్తిన కిలో ఒక్కటియు లేదు. కావున పెట్టెపై తొడ కొలత, నడుము కొలత వ్రాసి, "చన్నీట ఉతుకుడు, ఇస్త్రీ చేయకుడు, నీడను ఆరవేయుడు" అని మాత్రము అచ్చువేయించితిమి.