కొరియా కర్మాగారాల్లో సందర్శకుడు చూడవలసింది
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



జనరల్ మేనేజరు ఇన్‌స్పెక్షనుకు వస్తున్నాడనగానే స్టేషనులో ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. గోడలకు సున్నం, ఇసుక బకెట్లకు ఎర్రరంగు. ఆర్.ఎం.ఎస్. ఆఫీసులోనూ అంతే, గుట్టలుగా పడివున్న టపా సంచులు ఆ ఒక్కపూట మాయమవుతాయి. కర్మాగార సందర్శనం అన్న మాట వింటే నాకు ఆ దృశ్యమే స్ఫురిస్తుంది.

దక్షిణ కొరియాలో ఈ సందర్శనం ఒక యాత్రగా స్థిరపడింది. ఉల్సాన్ నగరంలోని హ్యుందాయ్ మోటారు కర్మాగారం, ఒకే ఆవరణలో ఉన్న కార్ల కర్మాగారాలలో ప్రపంచంలోకెల్లా పెద్దది. అయిదు ప్లాంట్లు, పక్కనే స్వంత రేవు. తయారైన కారు అక్కడినుంచే ఓడ ఎక్కుతుంది. 1953 నాటికి యుద్ధంలో శిథిలమైన దేశం సాధించిన ఈ ప్రగతి చూసి మెచ్చుకోదగినదే.

అయితే అదే ఉల్సాన్‌లో 1987 జూలైలో హ్యుందాయ్ కార్మికులు సంఘాలు పెట్టుకున్నారనీ, సెప్టెంబరులోగా దేశమంతటా మూడువేలకు పైగా సమ్మెలు జరిగాయనీ తెలియకపోతే చూసింది సగమే. ఒకే లైనులో ఒకే పనిచేసేవారిలో కొందరు కంపెనీ ఉద్యోగులు, కొందరు కాంట్రాక్టు కార్మికులు. ఆ కాంట్రాక్టు పద్ధతి అక్రమమని 2010లో కొరియా సుప్రీంకోర్టే ఒక కార్మికుని కేసులో తేల్చింది. మన గ్రామీణ డాక్ సేవకులకు ఈ బాధ విప్పి చెప్పాలా?

అంతకు పూర్వపు కథ సియోల్‌లోని ప్యోంగ్వా బజారుది. నిటారుగా నిలబడే వీలులేని అటకల మీద, పదిహేనేళ్లు నిండీ నిండని బాలికలు రోజుకు పద్నాలుగు గంటలు బట్టలు కుట్టేవారు. అక్కడ బట్ట కత్తిరించే యువకుడు జొన్ తేఇల్. తన బస్సు చార్జీతో ఆ పిల్లలకు తినుబండారాలు కొనిపెట్టి, తాను నడిచి ఇల్లు చేరేవాడు. కార్మిక ప్రమాణాల చట్టం 1953 నుంచే ఉన్నదని తెలుసుకొని, ఆ పుస్తకం సంపాదించి, చైనా లిపి మాటలతో కుస్తీపట్టి చదివాడు. అర్జీలు పెట్టాడు, ఫలితం శూన్యం. 1970 నవంబరు 13న, 22 ఏళ్ల వయసులో, చట్టాన్ని అమలు జరపండి, మేము యంత్రాలం కాము అని నినదిస్తూ ఆత్మాహుతి చేసుకున్నాడు. రెండు వారాల్లో అక్కడ సంఘం ఏర్పడింది. ఆయన తల్లి లీ సో సన్ 2011లో మరణించేవరకు కార్మికుల పక్షానే నిలిచింది.

మీలో ఎవరికైనా ఆ దేశం వెళ్లే అవకాశం వస్తే ఉల్సాన్ తప్పక చూడండి. షిఫ్టు ఎన్ని గంటలు, కాంట్రాక్టువారెందరు అని గైడును అడగండి. సియోల్‌లో ఛొంగ్యేచొన్ వాగు వంతెన మీద జొన్ తేఇల్ విగ్రహం ఉంది. 2019లో తెరిచిన స్మారక భవనమూ ఆ వాగు ఒడ్డునే ఉంది. ప్యోంగ్వా బజారులో నేటికీ బట్టలు అమ్ముతున్నారు.