గీతలు చెప్పేదెంత

 

జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు విద్యుత్తును మొదటిసారి గీతలుగా పట్టాడు. అచ్చు వేసింది 1929లో. అప్పటికీ చాలామంది నమ్మలేదు. తలమీద ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే 10-20 పద్ధతి 1958లో వచ్చింది. మన కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల మొదలైందీ ఆ ఏడే.

కొత్త డాక్టర్లూ, ఆ గీతలు తీసే ఈఈజీ గదిలో కాసేపు కూర్చోండి. పాపకు తలంటి, నూనె రాయకుండా తీసుకురమ్మన్నా, నూనె రాసి నున్నగా దువ్వి జడేసి తెస్తారు. పేస్టు అంటదు. టెక్నీషియన్ విసుక్కుంటూ తుడిచి, పాపను మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటాడు. "బళ్లో పరధ్యానమండీ, ఎన్ని దెబ్బలేసినా మారట్లేదు" అని తెచ్చిన పిల్ల. ఊదుతూ ఊదుతూ ఆగిపోతుంది, చూపు నిలిచిపోతుంది. తెరమీద సెకనుకు మూడు చొప్పున మొనదేలిన అలలు లేస్తాయి. పది సెకన్లకు అంతా మామూలే, మళ్లీ ఊదుతుంది. ఇన్నాళ్లూ దెబ్బలు తిన్నది ఆబ్సెన్స్ మూర్ఛకి. చాలామంది పిల్లల్లో మందుకు లొంగే జబ్బు.

అక్కడ ఆ గీతలకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ సంబంధం కుదిరే ముందు "నార్మల్ అని రాసివ్వండి" అంటూ వస్తారు చూడండి, అప్పుడు తొందరపడకండి. మూర్ఛ ఉన్న చాలామందికి మొదటి ఈఈజీ మామూలుగానే వస్తుంది. అది ఆ అరగంట సంగతే చెబుతుంది. ఎన్నడూ ఫిట్స్ రానివాళ్లలో కొందరికి తేడాగానూ ఉంటుంది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అడ్డంకిగా చూపిన మాటను 1999లోనే తీసేశారు. పెళ్లిళ్ల పేరయ్యలకు ఇంకా కబురందలేదు. ఇక పెళ్లయ్యాక సంగతి. మూర్ఛ మందు వాడే ఆడపిల్లకు గర్భం రాకముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెడతాం కదా, దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కాగితం ఒక్కటే చూసి మందు రాయకండి. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాలగుత్తి పెట్టిన మేనత్తను కసురుకోకండి. మెడ ఎటు తిరిగింది, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, ఎంతసేపటికి మాట వచ్చిందో ఆవిడనే అడగండి. కళ్లారా చూసింది ఆవిడ. తాళాల సంగతి తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు.

మందుచీటీ ఇచ్చేటప్పుడు కాలవ రేవులోకి ఒంటరిగా దిగొద్దని, రాత్రిపూట చేపల చెరువు కాపలాకు వెళ్లొద్దని, బాగుంది కదాని మాత్రలు ఆపొద్దని కూడా చెప్పి పంపండి.